మెసేజ్ యాప్ మారిస్తే ఏం మారుతుంది, ఏం మారదు: పాఠకుల ఫోన్ ప్రశ్నలు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు మెసేజ్‌ల గురించే. వాట్సాప్ వచ్చాక మామూలు ఎస్సెమ్మెస్ ఎవరు చూస్తారులే అనుకుంటాం గానీ, ఖాతాలో డబ్బు పడినా, గ్యాస్ సిలిండర్ బుక్ అయినా, ఆధార్ ఓటీపీ అయినా వచ్చేది ఆ డబ్బాలోకే. అందుకే బ్యాటరీ, ఛార్జింగ్ ప్రశ్నలు వచ్చే సంచికకు పక్కన పెట్టి, ఈ ఒక్క విషయమే తీసుకున్నాను.

ప్రశ్న: మాది చిన్న జీన్స్ కుట్టే యూనిట్. పనివాళ్లకూ, బళ్లారి నుంచి సరుకు పంపేవాళ్లకూ రోజూ మెసేజ్‌లు పెట్టాలి. కొందరివి ఇంకా కీప్యాడ్ ఫోన్లే కాబట్టి వాట్సాప్ కుదరదు. ఫోన్‌తో వచ్చిన మెసేజ్ యాప్ తెల్లగా, చప్పగా ఉంది, ఎవరి మెసేజ్ ఏదో తొందరగా తెలియదు. ఒక్కొక్కరికి ఒక్కో రంగు, ఒక్కో శబ్దం పెట్టుకునే యాప్‌లు ఉన్నాయని మా బామ్మర్ది చెప్పాడు. వేసుకుంటే పాత మెసేజ్‌లు పోతాయా?
– ఓ పాఠకుడు, రాయదుర్గం

జవాబు: పోవు. ఆండ్రాయిడ్ ఫోన్లో ఎస్సెమ్మెస్‌లు ఏ యాప్‌కూ సొంతం కావు. ఫోన్లోనే ఒకచోట ఉమ్మడిగా ఉంటాయి, యాప్ వాటిని తీసి చూపిస్తుందంతే. అందుకే ఇవాళ ఒక యాప్ వేసుకుని, నచ్చక రేపు తీసేసినా పాత మెసేజ్‌లు ఎక్కడివక్కడే ఉంటాయి.

2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ఒక సమయంలో ఒక్క యాప్ మాత్రమే డిఫాల్ట్ మెసేజ్ యాప్‌గా ఉండాలి, వచ్చిన మెసేజ్‌లను దాచడం, తుడిచేయడం దాని పనే. కొత్త యాప్ తెరవగానే ‘నన్ను డిఫాల్ట్‌గా పెట్టుకోండి’ అని అడిగేది అందుకే. ఒప్పుకోకపోతే అది పనిచేయదు. తిరిగి పాతదానికి వెళ్లాలంటే సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్, అందులో ఎస్సెమ్మెస్ యాప్ అని ఉంటుంది, అక్కడ పాత పేరు నొక్కితే సరి. ఫోన్‌తో వచ్చిన యాప్‌ను మాత్రం డిజేబుల్ చేయకండి, కొత్తది మొరాయించిన రోజు అదే దిక్కు.

ఇక ఏ యాప్ అంటే, రంగుల కోసమే అయితే టెక్స్‌ట్రా. ఒక మనిషి చాట్ తెరిచి మెనూలోకి వెళ్తే ఆ ఒక్క చాట్‌కే బబుల్ (మెసేజ్ చుట్టూ ఉండే గడి) రంగు, నోటిఫికేషన్ శబ్దం, వైబ్రేషన్ విడిగా పెట్టుకోవచ్చు. పంపు నొక్కాక కొన్ని సెకన్లు ఆగి వెళ్లేలా పెట్టుకునే వీలు కూడా ఉంది. కుట్టుకూలి లెక్కలో ఒక సున్నా ఎక్కువ కొట్టి నాలుక కరుచుకునేవాళ్లకు నిజంగా పనికొచ్చేది ఇదే, రంగులకంటే. చాంప్ అనే యాప్ కూడా టెక్స్‌ట్రా వాళ్లు చేసిందే, వేషాలు ఇంకా ఎక్కువ. హ్యాండ్‌సెంట్ చాలా పాతది, థీములు బోలెడు. పల్స్‌లో మీ మెసేజ్‌లు కంప్యూటర్లో, ట్యాబ్‌లో కూడా కనబడేలా చేసుకోవచ్చు, దానికి డబ్బు కట్టాలి. ప్రకటనల గోల వద్దు, కోడ్ ఎవరైనా చూసేలా ఉండాలి అంటే ఫాసిఫై మెసేజెస్. ఇది ఊరకే పుట్టలేదు. సింపుల్ మొబైల్ టూల్స్ అని మంచి పేరున్న చిన్న యాప్‌ల సెట్టు ఉండేది, 2023 చివర్లో దాన్ని వేరే కంపెనీకి అమ్మేశారు. అప్పుడు దాని మీద పనిచేసినవాళ్లు కొందరు పాత కోడ్ తీసుకుని వేరుకాపురం పెట్టారు, అదే ఫాసిఫై. యాప్ అదే, పేరు అదే, యజమాని మాత్రం మారిపోవచ్చని గుర్తుపెట్టుకోండి. పెద్ద కంపెనీలూ తక్కువేం కాదు. సిగ్నల్ 2022లో ఎస్సెమ్మెస్ వదిలేస్తున్నామని చెప్పింది, ఫేస్‌బుక్ మెసెంజర్ 2023లో వదిలేసింది. వాటినే డిఫాల్ట్‌గా పెట్టుకున్నవాళ్లు మళ్లీ ఇంకో యాప్ వెతుక్కోవాల్సి వచ్చింది.

మార్చేముందు ఒక్క పని తప్పకుండా చేయండి. ఇప్పుడు మీరు గూగుల్ మెసేజెస్ వాడుతుంటే అందులో ఆర్‌సీఎస్ చాట్స్ అనేది ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఎస్సెమ్మెస్ కాదు, నెట్ మీద నడిచే చాట్, బయటి యాప్‌లకు గూగుల్ ఆ దారి ఇవ్వలేదు. దాన్ని ఆఫ్ చేయకుండా యాప్ మారిస్తే అవతలివాళ్లు చాట్‌గా పంపినవి మీ కొత్త యాప్‌లో కనబడకుండా మధ్యలో ఇరుక్కునే అవకాశం ఉంది. ‘నేను పంపానన్నా’, ‘నాకు రాలేదబ్బీ’ అని సరుకు దగ్గర గొడవలు మొదలయ్యేది ఇక్కడే. గూగుల్ మెసేజెస్‌లో పైన మీ ఫొటో నొక్కి, సెట్టింగ్స్‌లో ఆర్‌సీఎస్ చాట్స్ ఆఫ్ చేసి, ఆ తర్వాతే మార్చండి.

యాప్ తీసేస్తే పోయేవి లేకపోలేదు. మీరు పెట్టుకున్న రంగులు, శబ్దాలు, బ్లాక్ లిస్టు, తర్వాత వెళ్లేలా రాసిపెట్టిన మెసేజ్‌లు ఆ యాప్‌లోనే ఉంటాయి, దాంతోపాటే పోతాయి. కొన్ని యాప్‌లలో పాస్‌వర్డ్ పెట్టే ప్రైవేట్ బాక్స్ ఉంటుంది, అందులో వేసినవి ఉమ్మడి చోటు నుంచి తీసి తన దగ్గర దాచుకునేవీ ఉన్నాయి. తీసేసే ముందు అందులో నుంచి బయటికి తెచ్చుకోండి. మొత్తానికి ఒక కాపీ కావాలంటే ఎస్సెమ్మెస్ బ్యాకప్ అండ్ రిస్టోర్ అనే యాప్ ఉంది, ఫైలుగా దాచిపెడుతుంది.

రెండు సిమ్‌లు ఉంటే ఏ మనిషికి ఏ సిమ్ నుంచి వెళ్లాలో కూడా కొత్త యాప్‌లో మళ్లీ చూసుకోవాలి. బ్యాలెన్స్ లేని సిమ్ నుంచి పంపుతూ యాప్‌ను తిట్టడం మామూలైపోయింది.

ప్రశ్న: కోడుమూరులో ఉండే మా జేజికి స్మార్ట్‌ఫోన్ కొనిచ్చాం. మా చిన్నాయన బెంగళూరు నుంచి తెలుగులోనే మెసేజ్ పెడతాడు, ఆమె చదువుకుంటుంది. అక్షరాలు పెద్దవిగా, లావుగా ఉండాలని ఫాంట్లు మార్చే మెసేజ్ యాప్ వేశాను. ఇంగ్లిష్ అక్షరాలు మారాయి, తెలుగు అక్షరాలు మాత్రం అలాగే ఉన్నాయి. ఎందుకు?
– ఓ పాఠకురాలు, కర్నూలు

జవాబు: ఆ యాప్‌లు ఇచ్చే ఫాంట్లలో తెలుగు అక్షరాలే ఉండవు కాబట్టి. ఇరవై ముప్పై ఫాంట్లు చూపిస్తారు, అన్నీ ఇంగ్లిష్‌వే. ఫాంట్‌లో లేని అక్షరం ఎదురైతే ఫోన్ తన దగ్గరున్న తెలుగు ఫాంట్‌తో నింపేస్తుంది. అందుకే ఎన్ని మార్చినా తెలుగు అలాగే ఉంటుంది. తెలుగు రూపం మారాలంటే ఫోన్ మొత్తానికే ఫాంట్ మారాలి, అది కొన్ని కంపెనీల ఫోన్లలో థీమ్స్ యాప్ ద్వారా కుదురుతుంది, చాలావాటిలో కుదరదు.

సైజు సంగతి వేరు, అది తెలుగుకూ పనిచేస్తుంది. అసలు దానికి బయటి యాప్ ఎందుకు? గూగుల్ మెసేజెస్‌లో చాట్ తెరిచి రెండు వేళ్లతో వెడల్పు చేస్తే అక్షరాలు పెద్దవవుతాయి. ఫోన్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేలోకి వెళ్లి ఫాంట్ సైజు, డిస్‌ప్లే సైజు రెండూ పెంచండి. బోల్డ్ టెక్స్ట్ అని కనబడితే అదీ ఆన్ చేయండి, తెలుగు మీద అది ఎంత పనిచేస్తుందనేది ఫోన్‌ను బట్టి. ఒత్తులు, గుణింతాలు కిందామీదా ఉండే లిపి కాబట్టి సైజు మరీ పెంచితే కొన్ని యాప్‌లలో వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, ఆమెనే పక్కన కూర్చోబెట్టుకుని చూపిస్తూ పెంచండి.

ఇంకో మాట, యాక్సెసబిలిటీ సెట్టింగ్స్‌లో సెలెక్ట్ టు స్పీక్ అని ఉంటుంది. అది ఆన్ చేసి మెసేజ్ మీద తాకితే తెలుగులో చదివి వినిపిస్తుంది. గొంతు కాస్త మరబొమ్మలా ఉంటుంది, అర్థమైతే అవుతుంది. మీ చిన్నాయన చాట్‌ను పిన్ చేసి అన్నిటికంటే పైన ఉంచండి, ఆ ఒక్క చాట్‌కు గట్టి రింగ్ పెట్టండి. ఆండ్రాయిడ్ 11 నుంచి చాట్ నోటిఫికేషన్‌ను నొక్కి పట్టుకుంటే ప్రయారిటీ అని వస్తుంది, అది పెడితే మిగతావాటికంటే ముందు కనబడుతుంది. ఇవన్నీ ఫోన్లోనే ఉన్నవి. మీరు వేసిన యాప్ తీసేయొచ్చు.

ప్రశ్న: నాది ఐఫోన్. ఆండ్రాయిడ్ వాళ్లలా మెసేజ్ యాప్ మార్చుకోవచ్చా, బబుల్ రంగు మార్చుకోవచ్చా?
– రైల్వే ఉద్యోగి, గుంతకల్లు

జవాబు: ఎస్సెమ్మెస్‌కు యాపిల్ ఇచ్చిన మెసేజెస్ తప్ప వేరే దారి లేదు, ఎస్సెమ్మెస్ బబుల్ పచ్చగానే ఉంటుంది. బయటి యాప్‌లు చేయగలిగింది ఒక్కటే, తెలియని నంబర్ల నుంచి వచ్చేవాటిని వడకట్టడం. అది 2017లో ఐఓఎస్ 11తో వచ్చింది. కాంటాక్ట్ తెరిచి టెక్స్ట్ టోన్ దగ్గర ఒక్కొక్కరికి ఒక్కో శబ్దం మాత్రం పెట్టుకోవచ్చు. యాప్ స్టోర్‌లో రంగురంగుల మెసేజ్ యాప్ అని కనబడేవి ఎక్కువగా కీబోర్డులూ స్టిక్కర్లే, వాటికి నెలనెలా డబ్బు కట్టకండి.

ప్రశ్న: మాది బంగారు షాపు. కస్టమర్లకు చీటీ కట్టే తేదీ గుర్తుచేస్తూ తెలుగులో మెసేజ్ పెడుతుంటాను. కొత్త యాప్ వేశాక రోజుకు వంద మెసేజ్‌లు అని ఉన్న ప్యాక్ ముప్పై మందికి పంపేసరికే అయిపోయింది. యాప్ దొంగతనంగా మెసేజ్‌లు పంపుతోందా? ఒక్కోసారి ఎమ్మెమ్మెస్ అని కూడా చూపిస్తోంది.
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: దొంగతనం కాదు, లెక్క అలా ఉంటుంది. ఇది మన తెలుగువాళ్లందరికీ తెలియాల్సిన లెక్క, కాస్త ఓపికగా చదవండి.

ఇంగ్లిష్‌లో ఒక ఎస్సెమ్మెస్‌కు 160 అక్షరాలు పడతాయి. ఆ పద్ధతిలో ఉన్న అక్షరాల పట్టికలో తెలుగు లేదు, కాబట్టి ఒక్క తెలుగు అక్షరం పడినా మెసేజ్ మొత్తం యూనికోడ్‌కు, అంటే అన్ని భాషల లిపులూ ఉన్న పట్టికకు, మారిపోతుంది, అప్పుడు పట్టేది 70 మాత్రమే. మెసేజ్ పొడుగై ముక్కలైతే, ముక్కలను అవతల మళ్లీ అతికించే సమాచారం కోసం కొంత చోటు పోతుంది, అప్పుడు ముక్కకు ఇంగ్లిష్ అయితే 153, తెలుగు అయితే 67.

అసలు దెబ్బ ఇంకోటి. మనం అక్షరం అనుకునేది, ఫోన్ లెక్కపెట్టేది ఒకటి కాదు. ప్రొద్దుటూరు అని రాస్తే మన కంటికి నాలుగు అక్షరాలు. ఫోన్‌కు పన్నెండు. ఎందుకంటే ‘ప్రొ’ అనేదాంట్లో పకారం ఒకటి, పొల్లు ఒకటి, రకారం ఒకటి, ఒత్వం ఒకటి, ఇలా నాలుగు లెక్క. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు. వత్తులు ఎక్కువైన కొద్దీ లెక్క పెరుగుతుంది. ఈ లెక్కన మీరు రాసే ‘అయ్యా నమస్కారం, ఈ నెల చీటీ వాయిదా...’ అనే రెండు వాక్యాలు సులువుగా 150 దాటుతాయి, అంటే మూడు మెసేజ్‌లు. మూడు ముప్పైలు తొంభై. యాప్ ఏం తినలేదు.

ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు కూడా నవ్వాల్సిన పనిలేదు. చివర ఒక దండం ఎమోజీ పెడితే చాలు, వాళ్ల మెసేజ్ కూడా 70 లెక్కలోకి దిగిపోతుంది. మళ్లీ ఎమోజీలు చాలావరకు ఒక్కోటి రెండు చోట్లు తింటాయి.

ఇక ఎమ్మెమ్మెస్, అంటే ఫొటోలు, పెద్ద మెసేజ్‌లు పంపే వేరే పద్ధతి. బయటి యాప్‌లలో చాలావాటికి పొడుగు మెసేజ్‌ను దానంతట అదే ఎమ్మెమ్మెస్‌గా మార్చే సెట్టింగ్ ఉంటుంది. విదేశాల్లో ఎమ్మెమ్మెస్ ప్యాక్‌లోనే కలిసి ఉండే చోట అది బాగుంటుందేమో, మన దగ్గర మాత్రం దానికి వేరే ఛార్జీ పడొచ్చు, చాలాసార్లు వెళ్లదు కూడా, కీప్యాడ్ ఫోన్ల సంగతి అడగక్కర్లేదు. యాప్ సెట్టింగ్స్‌లో ఎమ్మెమ్మెస్ అనే చోట ‘లాంగ్ మెసేజ్’ గురించి ఉన్నది ఆఫ్ చేయండి. గ్రూప్ మెసేజ్ దగ్గర కూడా రెండు రకాలు ఉంటాయి, గ్రూప్ ఎమ్మెమ్మెస్ కాకుండా ఒక్కొక్కరికి విడిగా ఎస్సెమ్మెస్ వెళ్లేది ఎంచుకోండి. లేకపోతే ఖర్చు సంగతి అలా ఉంచి, మీ కస్టమర్ల నంబర్లు ఒకరివి ఒకరికి కనబడే ప్రమాదం కూడా ఉంది. బంగారు షాపుకు అది అస్సలు మంచిది కాదు. టైప్ చేసే డబ్బా పక్కన అక్షరాల కౌంటర్ చూపించే సెట్టింగ్ ఉంటే ఆన్ చేసుకోండి, ముక్కలు ఎన్నవుతున్నాయో తెలుస్తుంది.

మీరు అడగలేదు గానీ చెప్పాలి. వాయిదా గుర్తుచేయడం వరకు తెలిసినవాళ్లకు సరే. దసరా ఆఫర్లు, మేకింగ్ ఛార్జీల తగ్గింపు అంటూ సొంత పది అంకెల నంబరు నుంచి గుంపుగా పంపడం మొదలుపెడితే అది టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలకు విరుద్ధం. ఎవరైనా 1909కి ఫిర్యాదు చేస్తే మీ నంబరే ఆగిపోవచ్చు. వ్యాపార ప్రచారానికి డీఎల్‌టీలో, అంటే టెలికాం కంపెనీలు నడిపే నమోదు వేదికలో, చేరి షాపు పేరుతో హెడర్, అంటే పంపినవాళ్ల పేరుగా కనబడేది, తీసుకోవాలి.

ప్రశ్న: కొత్త మెసేజ్ యాప్ చూడ్డానికి బాగుంది గానీ ఓటీపీ వచ్చినా శబ్దం రాదు. యాప్ తెరిస్తేనే టపటపా అన్నీ ఒకేసారి వస్తాయి. అప్పటికి ఓటీపీ టైం అయిపోతుంది, టెన్షన్. పైగా ఒక యూపీఐ యాప్‌లో నంబరు మళ్లీ వెరిఫై చేయబోతే మెసేజ్ పంపలేకపోయాం అంటోంది.
– ఓ పాఠకుడు, కడప

జవాబు: ఇవి రెండు వేరు వేరు రోగాలు. మొదటిది యాప్ తప్పు కూడా కాదు, ఫోన్ కంపెనీల అతి తెలివి. రెడ్‌మీ, వివో, ఒప్పో, రియల్‌మీ లాంటివాటిలో బ్యాటరీ మిగిల్చడానికి మీరు తెరవని యాప్‌లను వెనక నుంచి మూసేస్తుంటారు. వాళ్ల సొంత మెసేజ్ యాప్‌కు మినహాయింపు ఉంటుంది, మీరు వేసుకున్నదానికి ఉండదు. యాప్ ఐకాన్ నొక్కి పట్టుకుని యాప్ ఇన్ఫోలోకి వెళ్లండి. బ్యాటరీ దగ్గర నో రిస్ట్రిక్షన్స్ లేదా అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టండి. ఆటోస్టార్ట్ అని ఉంటే ఆన్ చేయండి. ఇటీవల వాడిన యాప్‌ల తెరలో దాని మీద తాళం గుర్తు వేయండి. నోటిఫికేషన్లలో కూడా చూడండి, ఆండ్రాయిడ్ 8 నుంచి ఒక్కో యాప్‌లో నోటిఫికేషన్లు రకరకాల ఛానళ్లుగా ఉంటాయి, అందులో కొత్త మెసేజ్‌లది సైలెంట్‌లో ఉంటే యాప్ లోపల ఏ రింగ్‌టోన్ పెట్టినా మోగదు. ఇన్ని చేసినా ఆలస్యమైతే పాత యాప్‌కు వెళ్లిపోండి, ఓటీపీ సమయానికి రాని మెసేజ్ యాప్ ఎంత అందంగా ఉంటే ఏం లాభం.

రెండోది. యూపీఐ యాప్ మీ సిమ్ మీ ఫోన్లోనే ఉందని తేల్చుకోవడానికి ఆ సిమ్ నుంచి తానే ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. డిఫాల్ట్ యాప్ ఏదైనా దానికి అడ్డం కాదు. ఆ యూపీఐ యాప్‌కు ఎస్సెమ్మెస్ అనుమతి ఉందా, బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్మే ఎంచుకున్నారా, ఆ సిమ్‌లో మెసేజ్ పంపే ప్యాక్ లేదా బ్యాలెన్స్ ఉందా, ఈ మూడూ చూడండి. ఇన్‌కమింగ్ కోసం మాత్రమే బతికించి పెట్టిన రెండో సిమ్ అయితే నూటికి తొంభై పాళ్లు అదే కారణం.

ప్రశ్న: ప్రకటనల మెసేజ్‌లు, అప్పు కావాలా అనేవి, బ్యాంకు మెసేజ్‌లు అన్నీ కలగాపులగం. విడగొట్టే యాప్ చెప్పండి. పంపినవాళ్ల పేరు చివర ఎస్, పీ అని ఇంగ్లిష్ అక్షరాలు కనబడుతున్నాయి, అవేంటి?
– ఓ పాఠకుడు, పులివెందుల

జవాబు: రెండో ప్రశ్నలోనే మొదటిదాని మందు ఉంది. 2025లో ట్రాయ్ తెచ్చిన మార్పుతో కంపెనీల మెసేజ్‌లకు పేరు చివర ఒక అక్షరం తగిలిస్తున్నారు. పీ అంటే ప్రచారం, ఎస్ అంటే సేవలకు సంబంధించింది, టీ అంటే ఓటీపీ లాంటి లావాదేవీలది, జీ అంటే ప్రభుత్వానిది. ముందున్న రెండు అక్షరాల్లో మొదటిది నెట్‌వర్క్, అంటే ఎయిర్‌టెల్‌కు ఏ, జియోకు జే, బీఎస్ఎన్ఎల్‌కు బీ, ఇలా. రెండోది సర్కిల్, అంటే టెలికాం ప్రాంతం. కాబట్టి మీ బ్యాంకు పేరు చెప్పుకుంటూ మామూలు పది అంకెల నంబరు నుంచి కేవైసీ గడువు అయిపోయిందని వస్తే అది బ్యాంకు కాదు, చదవనక్కర్లేదు.

విడగొట్టడానికి ముందు ఫోన్లోనే చూడండి. గూగుల్ మెసేజెస్‌లో వ్యక్తిగతం, లావాదేవీలు, ఓటీపీలు, ఆఫర్లు అని విడదీసే ఏర్పాటు 2021లో మన దేశంలోనే మొదలుపెట్టారు. ఓటీపీలు 24 గంటల తర్వాత వాటంతట అవే తుడిచిపెట్టుకుపోయేలా కూడా పెట్టుకోవచ్చు, నాకు అది చాలా ఇష్టమైన సెట్టింగ్. బయటి యాప్‌లలో పదాన్ని బట్టి బ్లాక్ చేసేవి ఉంటాయి. ‘లోన్’ అని పెట్టకండి, మీ పంట రుణం గురించి బ్యాంకు పంపేది కూడా అందులో కొట్టుకుపోతుంది. ప్రచారాలు అసలు రాకుండా చేయాలంటే ఇంగ్లిష్‌లో స్టార్ట్ అని రాసి, ఖాళీ వదిలి, సున్నా కొట్టి 1909కి పంపండి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూప్‌లో పీఎం కిసాన్ డబ్బుల కోసమని ఒక ఫైలు వచ్చింది. నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అయింది. తెరవగానే దాన్ని మెసేజ్ యాప్‌గా పెట్టమని అడిగింది, మా తమ్ముడు ఓకే కొట్టాడు. ఆధార్ నంబరు కూడా వేశాం. తర్వాత ఆ యాప్ బొమ్మ ఎక్కడా కనబడటంలేదు. డబ్బు అయితే ఇంకా ఏం పోలేదు. ఏం చేయాలి?
– పత్తి రైతు, ఆదోని

జవాబు: ఈ పేజీ మీ చేతికి వచ్చేదాకా ఆగే విషయం కాదని ఉత్తరంలో ఉన్న నంబరుకు ముందే ఫోన్ చేసి చెప్పాం. మిగతావాళ్ల కోసం ఇక్కడ మొత్తం రాస్తున్నాను.

మొదట ఆ ఫోన్లో ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, వైఫై కూడా ఆపండి. దాంతో లోపలున్న ఆ యాప్‌కు మెసేజ్‌లు బయటికి పంపడం కుదరదు. ఇంకొకరి ఫోన్ నుంచి బ్యాంకుకు ఫోన్ చేసి నెట్ బ్యాంకింగ్, యూపీఐ, కార్డు ఆపించండి. బ్యాంకు నంబరు గూగుల్‌లో వెతక్కండి, పాస్‌బుక్ మీదో ఏటీఎం కార్డు వెనకో ఉన్నదే కొట్టండి. తర్వాత సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ యాప్స్‌లోకి వెళ్లి ఎస్సెమ్మెస్ యాప్‌ను పాతదానికి మార్చండి. తర్వాత యాప్స్ మొత్తం జాబితాలో, బొమ్మ దాచుకున్నా అక్కడ పేరు ఉంటుంది, ఆరోజు ఇన్‌స్టాల్ అయినదాన్ని పట్టుకుని తీసేయండి. తీయనివ్వకపోతే సెక్యూరిటీలో డివైస్ అడ్మిన్ యాప్స్ అని ఉంటుంది, అక్కడ దాని టిక్ తీసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే ఫొటోలు దాచుకుని ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయడమే. మీ కాల్స్ వేరే నంబరుకు మళ్లించి ఉంటే అదీ తుడిచేయాలి. ఫోన్ శుభ్రమైందని తేలాక ఏరోప్లేన్ మోడ్ తీసి, డయల్ ప్యాడ్‌లో రెండు హ్యాష్‌లు, 002, మళ్లీ ఒక హ్యాష్ కొట్టి కాల్ నొక్కితే అన్ని ఫార్వర్డింగ్‌లూ రద్దవుతాయి. పిన్‌లు, పాస్‌వర్డులు మార్చడం ఆ తర్వాతే, శుభ్రం కాని ఫోన్లో మార్చితే కొత్తవి కూడా వాళ్లకే ఇచ్చినట్టు. ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేయండి. డబ్బు పోయి ఉంటే ఏ మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయాలి.

ఇది ఎలా జరుగుతుందో చెప్తాను, ఎందుకంటే ఈ సంచిక మొత్తం మెసేజ్ యాప్ మార్చుకోవడం గురించే కదా. డిఫాల్ట్ మెసేజ్ యాప్ హోదా ఇవ్వడమంటే బీరువా తాళంచెవి ఇచ్చినట్టే. మీకు వచ్చే ప్రతి మెసేజ్ మొదట దాని చేతిలో పడుతుంది. మీకు చూపించాలా, చూపించకుండా ఇంకెవరికో పంపి తుడిచేయాలా అన్నది దాని ఇష్టం. బ్యాంకు ఓటీపీ వచ్చిందని మీకు శబ్దం కూడా రాదు. అందుకే దొంగలు మొదట అడిగేది ఆ ఒక్క అనుమతే. పీఎం కిసాన్ పేరుతోనే కాదు, ఆర్టీఓ చలానా అని, పెళ్లిపత్రిక అని కూడా ఇలాంటి ఏపీకే ఫైళ్లు, అంటే నొక్కగానే యాప్‌ను ఇన్‌స్టాల్ చేసేవి, తిరుగుతున్నాయి. తెలిసిన మనిషి నంబరు నుంచి వచ్చిందని నమ్మడానికి లేదు, ఆ మనిషి ఫోన్లోకి అప్పటికే దొంగలు చొరబడి ఉండొచ్చు.

పీఎం కిసాన్ కింద ఏడాదికి 6,000 రూపాయలు మూడు విడతలుగా ఖాతాలో పడటానికి మెసేజ్‌లు చదవాల్సిన అవసరం ఏ యాప్‌కూ లేదు. గూగుల్ 2018 అక్టోబరులో ప్రకటించి, 2019 నుంచి ప్లేస్టోర్‌లో అమలు చేస్తున్న నియమం ఏమంటే, మెసేజ్ పని చేసే యాప్‌లూ, కొద్దిపాటి మినహాయింపులూ తప్ప మిగతావేవీ ఎస్సెమ్మెస్ అనుమతి అడగకూడదు. వాట్సాప్‌లో వచ్చే ఫైలుకు ఆ కాపలా లేదు. పైన నేను చెప్పిన రంగుల యాప్‌లు కూడా ప్లేస్టోర్ నుంచే, పేరు, తయారీదారు సరిచూసుకునే వేసుకోవాలి. ‘ప్రో వెర్షన్ ఫ్రీ’ అని ఎవరో పంపిన ఫైలు అయితే అదీ ఇదే కథ. మీ తమ్ముణ్ని తిట్టకండి, ఓకే అనే బటన్ అంత పెద్దగా పెట్టి, ఏం అడుగుతున్నారో ఇంగ్లిష్‌లో చిన్నక్షరాల్లో రాస్తే ఎవరైనా నొక్కుతారు.

ప్రశ్న: నేను టీచర్ని. తల్లిదండ్రుల మీటింగ్ గురించి ముందు రోజు రాత్రి రాసిపెట్టి, పొద్దున ఏడింటికి వెళ్లేలా చేయాలి. దానికోసం వేరే యాప్ వేసుకోవాలా?
– ఓ పాఠకురాలు, ఎమ్మిగనూరు

జవాబు: అక్కర్లేదు. గూగుల్ మెసేజెస్‌లో మెసేజ్ రాశాక పంపే బాణం గుర్తును నొక్కి పట్టుకోండి, టైం అడుగుతుంది. ఆ టైంకు ఫోన్ ఆన్‌లో ఉండాలి, సిగ్నల్ ఉండాలి, రాత్రి స్విచ్ ఆఫ్ చేసే అలవాటు ఉంటే వెళ్లదు. తెలుగులో రాస్తే ప్రొద్దుటూరు షాపాయనకు చెప్పిన 70 లెక్క మీకూ వర్తిస్తుంది, కాబట్టి ‘గౌరవనీయులైన తల్లిదండ్రులకు’ అని మొదలుపెట్టకుండా తేదీ, టైం, గది నంబరు రాసేయండి.